ఎంత రాయాలె అన్నా?

మా చిన్నాయన బిడ్డ పదో తరగతి. నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు మా ఊళ్ళోనే చదువుతుంది. ఈమధ్య ఒక రాత్రి ఫోన్ చేసి, ముందూ వెనకా ఏమీ లేకుండా, "అన్నా, బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎంత రాయాలె?" అన్నది.

సంగతేమంటే, వాళ్ళ సార్ ప్రాజెక్టు పనికి "మన ఊరి తాగునీరు" అని ఇచ్చిండు. ఇచ్చి ఊరుకోకుండా పంచాయతీలో ఉన్న నీటి పరీక్ష కిట్టు కూడా అడిగి తెప్పించిండు. అందుకు ఆయనకు దండం పెట్టాలి. చిన్న సీసాలో నీళ్ళు పోసి మందు చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్ళు గులాబీ రంగులో ఉంటాయి, ఎక్కువయ్యే కొద్దీ పసుపుకు తిరుగుతాయి. కార్డు మీద రంగులతో పోల్చి చూసుకోవడమే.

"పరీక్ష చేసినవా?" అంటే చేసిన అన్నది. మరి వచ్చిందే రాయి అన్న.

"వచ్చింది సరిగ్గ రాలేదన్నా. బడి ముంగట బోరు నీళ్ళు గులాబీగనే ఉన్నయి, రోడ్డవతల బోరుయి పసుపు పచ్చగ అయినయి. రెండూ పక్కపక్కనే గదా. ఎక్కడనో తప్పు చేసిన. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటరు గదా, దానికన్న ఎక్కువ రాస్తె మంచిగుంటదా, తక్కువ రాస్తె మంచిగుంటదా?"

ఆ పిల్ల చేసిన ప్రాజెక్టు మొత్తంలో నాకు పనికొచ్చేదిగా కనిపించింది ఆ తేడా ఒక్కటే. దాన్నే అది తుడిచేయాలనుకుంటున్నది. మా నేల కింద ఉన్నది గ్రానైటు. నీళ్ళు రాతి పగుళ్ళల్లోనే ఉంటాయి. ఒక్కో బోరు ఒక్కో పగులుకు తగులుతుంది. ఆ నీళ్ళు ఎంత లోతున, ఎంత కాలం రాతితో కలిసి ఉన్నాయి, వాటిలో కాల్షియం ఎంత, బైకార్బొనేటు ఎంత అన్నదాన్ని బట్టి ఫ్లోరైడ్ మారుతుంది. పక్కపక్క బోర్లకు తేడా రావడం ఇక్కడ వింతేమీ కాదు. ఒకాయన బోరు దంచి పోస్తుంటే గట్టు అవతల ఇంకొకాయన బోరులో దుమ్ము లేవడం ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉంది. పొలం కాడ తెలిసిన ఆ సంగతి ప్రాజెక్టు కాగితం మీదికి వచ్చేసరికి "తప్పు" ఎట్లా అయింది? కొన్ని రోజులుగా నా బుర్రలో ఇదే తిరుగుతుంది. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదువుతున్న, కాబట్టి నా చదువును కూడా ఒకసారి వెనక్కి తిప్పి చూసుకోవాల్సి వచ్చింది.

బట్టీని తిట్టడం తేలిక

సైన్సు చదువు బాగాలేదు అనగానే అందరూ బట్టీ మీద పడతారు. నేను పడను. వేలెన్సీలు, మూలకాల గుర్తులు, సమీకరణాలు బట్టీ కొట్టినవే ఇప్పటికీ నాకు అన్నం పెడుతున్నాయి. ఎక్కాలు రానివాడికి లెక్కలు రావు, ఇదీ అంతే. మా బళ్ళో ప్రయోగాలు లేవని కూడా అనను. తక్కువే, కానీ ఉన్నాయి. నాకు అభ్యంతరం ఆ ప్రయోగాల గురించే. ప్రతిదానికీ జవాబు ముందే బోర్డు మీద ఉండేది. ప్రయోగం ఆ జవాబుకు సాక్షి సంతకం పెట్టడానికి వచ్చేది.

కొవ్వొత్తి ప్రయోగం చూడండి. పళ్ళెంలో నీళ్ళు, నడుమ వెలిగించిన కొవ్వొత్తి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తారు. మంట ఆరుతుంది, గ్లాసులోకి నీళ్ళు ఎక్కుతాయి. గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ కదా, అది ఖర్చయింది, ఆ ఖాళీలోకి నీళ్ళొచ్చినయి అని మాకు చెప్పారు, మేం రాసుకున్నం. అప్పుడు ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచి, "సార్, మంట ఉన్నంతసేపు నీళ్ళు ఎక్కలే. ఆరినంకనే గుంజినట్టు ఎక్కినయి" అన్నది. సార్ "ఆఁ, అదే అదే, కూసో" అన్నడు.

అది అదే కాదు. ఆక్సిజన్ తగ్గడమే కారణమైతే మంట మండుతున్నంతసేపూ నీళ్ళు మెల్లగా పైకి రావాలి. నిజానికి మంట వేడికి గ్లాసులో గాలి వ్యాకోచిస్తుంది, కొంత బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరగానే మిగిలింది చల్లబడి ముడుచుకుంటుంది, నీళ్ళను ప్రధానంగా గుంజేది అదే. ఆక్సిజన్ ఖర్చయిన చోటికి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి ఖాళీ అట్లాగే ఉండిపోదు. పైగా ఉన్న ఆక్సిజన్ అంతా అయిపోకముందే మంట ఆరిపోతుంది. ఆ రోజు తరగతి మొత్తంలో ప్రయోగాన్ని చూసింది ఆ ఒక్క అమ్మాయే. మిగతా వాళ్ళం బోర్డు చూసినం.

ఇరవై నాలుగు పాయింట్ ఎనిమిది

ఇంటర్‌కొస్తే ఈ జబ్బుకు ఒక పద్ధతి కూడా ఏర్పడుతుంది. ప్రాక్టికల్స్‌కు ఫిజిక్స్‌లో ముప్పై మార్కులు. లోలకం వస్తే పండగే, ఎందుకంటే అందరికీ మంత్రం తెలుసు: ఎల్ బై టీ స్క్వేర్ (లోలకం పొడవును ఒక్క ఊపుకు పట్టే సమయం వర్గంతో భాగిస్తే వచ్చేది) 24.8 రావాలె. దాన్ని నాలుగు పై స్క్వేర్‌తో హెచ్చవేస్తే జీ (భూమి ఆకర్షణ వల్ల వచ్చే త్వరణం) విలువ 980 చుట్టుపక్కల పడుతుంది. కాబట్టి పొడవు రాసుకో, వెనక నుంచి లెక్క చేసుకో, ఇరవై డోలనాలకు పట్టే సమయం రాసుకో, అది మరీ నున్నగా కనిపించకుండా చివరి అంకె అటూ ఇటూ జరుపు. గుండు ఊగుతుంటది, దాని దిక్కు చూసేవాడు ఉండడు.

మా బ్యాచ్‌లో ఒకడు మాత్రం నిజంగానే కొలిచిండు. మొండోడు. వాడికి వంద సెంటీమీటర్ల దగ్గర 968 వచ్చింది, యాభై దగ్గర 959 వచ్చింది. మళ్ళీ చేసిండు, మళ్ళీ అంతే. "చెయ్యి నిలకడ లేదు, రిపీట్" అన్నరు. మూడోసారి వాడూ అందరి లాగే 24.8 పట్టుకున్నడు, మార్కులు పడ్డయి.

ఆ అంకెలు నాకు డిగ్రీకొచ్చినంక గుర్తొచ్చి కాగితం మీద పెట్టి చూసిన. చెయ్యి నిలకడ లేకపోతే తప్పు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోవాలి. వాడిది ప్రతిసారీ కిందికే. అది కూడా దారం పొట్టిగా ఉన్నప్పుడు ఎక్కువ, పొడుగయ్యే కొద్దీ తక్కువ. అంటే ప్రతి పొడవులోనూ ఒకే కొంచెం కొరత పడుతుంది. సుమారు ఒక సెంటీమీటరు. గుండు వ్యాసార్ధం! వాడు దారం గుండుకు తగిలే కొక్కెం దాకా కొలిచిండు, గుండు మధ్య దాకా కొలవలేదు. ఆ ఒక్క సెంటీమీటరు కలిపితే రెండు విలువలూ 978కి వచ్చి కూర్చుంటయి. నల్లగొండ అక్షాంశానికి అసలు జీ విలువ కూడా 978 దగ్గరే. 980 అన్నది గుండ్రంగా చేసి చెప్పుకునే మాట. (మా స్టాప్ వాచీకి 978కీ 980కీ తేడా పట్టేంత శక్తి లేదనుకోండి. వాడికి కొంత అదృష్టం కూడా కలిసొచ్చింది.)

ముప్పై మార్కుల ప్రాక్టికల్స్‌లో నేర్పదగ్గ అసలు ఫిజిక్స్ ఇదని నాకనిపిస్తుంది. తప్పుకు కూడా ఒక ఆకారం ఉంటుంది, ఆ ఆకారం చూస్తే కారణం దొరుకుతుంది. అది మా ల్యాబ్‌లో, మా కళ్ళ ముందు, మా వాడి రికార్డులో రబ్బరు కింద పోయింది.

ఇట్లాంటి తేడా పట్టుకుని వెంటపడిన వాళ్ళ కథలు మా పుస్తకాల్లో లేకపోలేదు. గాలి నుంచి తీసిన నైట్రోజన్, అమ్మోనియా నుంచి తీసిన నైట్రోజన్ కన్నా అర శాతం బరువెక్కువ ఉందని రేలీ గమనించిండు. అర శాతమే కదా అని వదిలెయ్యలేదు. రామ్సేతో కలిసి 1894లో ఆర్గాన్‌ను బయటపెట్టిండు. 1904లో ఇద్దరికీ నోబెల్, ఒకరికి భౌతికశాస్త్రంలో, ఇంకొకరికి రసాయనశాస్త్రంలో. మేం మాత్రం "గాలిలో ఆర్గాన్ 0.9 శాతం" అన్న ఖాళీ పూరించి ఒక మార్కు తెచ్చుకున్నం. ఆ అర శాతాన్ని రేలీ ప్రాక్టికల్ రికార్డులో రాసి ఉంటే "రిపీట్" అనే వాళ్ళు.

సార్ మాట

ఇదంతా ఒకరోజు నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మా పాత ఫిజికల్ సైన్స్ సార్ కనబడితే, చాయ్ తాగుతూ ఆయనకే చెప్పిన. ఆయన కోపానికి రాలేదు. నవ్వి, "నలభై మంది పిల్లలు, ఒక్క స్టాప్ వాచీ, ముప్పావు గంట పీరియడ్. ఎవనికి తేడా ఎందుకొచ్చిందో వెతుక్కుంట కూసుంటె సిలబస్ మీ తాత చేస్తడా?" అన్నడు.

దీనికి సమాధానం చెప్పొచ్చు, నెలకు ఒక్క ప్రయోగం చాలు సార్ అనొచ్చు. ఆయన రెండో మాటే నన్ను ఆపింది. "సరైన జవాబు తెల్వనోనికి అసలు తేడా అనేది ఎట్ల తెలుస్తదిరా? జీ 980 అని తెలిసినందుకే గదా 959 తేడా అని నీకు తెలిసింది."

నిజమే. రేలీకి కూడా రెండు నైట్రోజన్లు ఒక్క తీరే తూగాలి అన్న నమ్మకం ముందే ఉంది. ఏమీ తెలియని పిల్లవాడి చేతికి కిట్టు ఇచ్చి "నువ్వే కనిపెట్టు" అంటే వాడు కనిపెట్టేది ఏమీ ఉండదు, రంగునీళ్ళ ఆట అవుతుంది. ప్రయోగాలు చేస్తే చాలు సైన్సు వచ్చేస్తుందని చెప్పే పెద్దమనుషుల మాట కూడా అందుకే నాకు పూర్తిగా ఎక్కదు. నేననేది కొంచెం వేరు. జవాబు ముందే చెప్పండి, బోర్డు మీదే రాయండి. కానీ పిల్లవాడికి వేరేది వస్తే దాన్ని చెరిపించకండి. సార్‌కు ఇదే చెప్తే, "చెరపకపోతే మార్కులు ఎట్ల వేస్తరు?" అన్నడు. ఆ ప్రశ్న అక్కడే ఉంది.

మా పళ్ళు, పుస్తకంలో పళ్ళు

పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాల పాఠంలో పళ్ళ ముచ్చట వస్తుంది. ఎనామిల్ ఒక రకం కాల్షియం ఫాస్ఫేటు, నోట్లో పీహెచ్ 5.5 కన్నా తగ్గితే అది కరగడం మొదలవుతుంది, అందుకే క్షార గుణమున్న పేస్టుతో తోముకోవాలి. మంచి పాఠం. ఆ పాఠం విన్న మా తరగతిలో సగం మంది పళ్ళకు గోధుమ రంగు గీతలు. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు మా దగ్గర ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ ఉంటుంది. పుస్తకంలో ఆ పేజీకీ మా నోళ్ళకూ నడుమ ఒక్క అడుగు దూరం: పళ్ళు తయారయ్యే వయసులో నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ ఎనామిల్ సరిగ్గా గట్టిపడదని చెప్తే సరిపోయేది. ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అది పరీక్షకు రాదు, పైగా మా పళ్ళు సైన్సు కిందికి వస్తాయని మాకు తట్టనే లేదు.

మా నాయనమ్మ వానాకాలం నీళ్ళు మరగబెట్టేది. దవాఖాన నర్సమ్మ చెప్పింది. రోగక్రిములకు అది మంచి పనే. అయితే మరగబెడితే "ఫోరైడు" కూడా పోతుందని నాయనమ్మ నమ్మకం. ఫ్లోరైడ్ ఆవిరై పోదు, నీళ్ళు పోతాయి, మిగిలిన నీళ్ళల్లో దాని పాలు ఇంకా పెరుగుతుంది. ఇది తెలుసుకోవడానికి ఇంటర్ అక్కర్లేదు. ఉప్పునీళ్ళు మరిగిస్తే ఉప్పు మిగులుతుందని ఆరో తరగతిలోనే రాసినం. ఆ రాసింది వంటింటి దాకా నడిచి రాలేదు.

ఇక నీళ్ళల్లోంచి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ టెక్నిక్. మా జిల్లా పేరు ప్రపంచానికి తెలిసిన దారుల్లో ఇదొకటి, టాంజానియా, ఇథియోపియాల్లో కూడా ఆ పేరుతోనే చెప్పుకుంటారు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970ల్లో తయారు చేసిన పద్ధతి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, గిలకొట్టి, తేర్చి, వడగట్టడం. చూడటానికి చాలా తేలిక. కానీ పటిక ఎంత వేయాలన్నది ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. తక్కువ వేస్తే ఫ్లోరైడ్ పోదు. ఎక్కువ వేస్తే రుచి చెడుతుంది, అల్యూమినియం మిగులుతుంది. అంటే ఆ పద్ధతికి ప్రాణం పటిక కాదు, కొలత. ఏ నీటికి ఆ నీటిని కొలిచి, వచ్చిందే రాసే మనిషి కావాలి. "ఎంత రాయాలె" అని అడిగే మనిషితో అది నడవదు. ఊరూరా ఆ పద్ధతి ఎందుకు నిలబడలేదంటే బురద పారబోసే తిప్పలు, రోజూ చూసుకునే మనిషి లేకపోవడం, ఖర్చు, ఇట్లా చాలా కారణాలు చెప్పొచ్చు. నేను ఇది కూడా వాటిలో కలుపుతా.

ఇక్కడ నా వాదానికి నేనే అడ్డం పడతా. మా నీళ్ళు మారింది సైన్సు పీరియడ్ వల్ల కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది పోటీకి నిలబడి, బ్యాలెట్ పేపరును పుస్తకం చేసి, మా నీళ్ళ గోసను ఢిల్లీ దాకా వినిపించారు. తర్వాత కృష్ణా నీళ్ళు పైపుల్లో వచ్చినయి, మిషన్ భగీరథ నల్లా వచ్చింది. కొట్లాట, పైపులైను, సర్కారు పైసలు పని చేసినయి. పదో తరగతి పిల్లలు గులాబీ రంగో పసుపు రంగో నిజాయితీగా రాసుకుంటే ఒరిగేదేముంది అని ఎవరన్నా అంటే, నా దగ్గర గట్టి సమాధానం లేదు. ఒక్క మాట అనగలను. ఆ కొట్లాటకు చేతిలో ఉన్న ఆధారం కూడా ఎవరో ఊరూరా తిరిగి కొలిచి, వచ్చింది వచ్చినట్టు రాసిన అంకెలే.

మా చెల్లె చివరికి రెండు రంగులూ రాసింది. దానికి తోడు రెండు బోర్లు వేయించిన వాళ్ళ దగ్గరికి పోయి లోతు అడిగి వచ్చింది. పసుపు వచ్చిన బోరు లోతు దాదాపు రెండింతలు. దాంతో "లోతు పెరిగితే ఫ్లోరైడ్ పెరుగును" అని నియమం రాయబోయింది. రెండు బోర్లు చూసి నియమం రాస్తవా, ఇంకో నాలుగు చూడు అన్న. "నువ్వు మా సార్ కన్న ఎక్కువ సతాయిస్తున్నవ్" అని ఫోన్ పెట్టేసింది.

పానగల్లు నీడ

మా వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికోసారన్నా తిరిగే వీడియో ఛాయా సోమేశ్వరాలయానిది. నల్లగొండ పట్టణం పక్కనే పానగల్లులో, కుందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ళ గుడి. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా కదలని స్తంభం నీడ. వీడియో కింద రెండు రకాల వ్యాఖ్యలు. ఒకటి "సైన్సుకు అందని అద్భుతం". రెండోది "ఇది కాంతి వివర్తనం, మన పూర్వీకులకు ముందే తెలుసు". వివర్తనం అంటే వస్తువు అంచు దగ్గర కాంతి కొంచెం వంగడం. మొదటిదాని మీద నాకు పెద్ద కోపం లేదు. రెండోది చూస్తే మాత్రం కొవ్వొత్తి గుర్తొస్తుంది. మనకు తెలిసిన ఒక పెద్ద పేరు తగిలించి కూసో అన్నట్టే.

కాంతి తరంగం పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా తక్కువ. స్తంభం అంత లావు. అయిదారు మీటర్ల దూరంలో వివర్తనం వల్ల నీడ అంచుకు వచ్చే మసక మిల్లీమీటరో రెండో ఉంటుంది. ఆ గోడ మీది నీడకు అది చాలదు. నాకు తోచింది ఇది: ఎండ నేరుగా లోపల పడటం లేదు. లోపలికి వచ్చేది ద్వారాల గుండా వచ్చే ఆకాశపు వెలుతురు, నేల మీదా రాళ్ళ మీదా పడి తిరిగొచ్చిన వెలుతురు. పొద్దు కదులుతుంది, ద్వారం కదలదు, స్తంభం కదలదు. వెలుతురు వచ్చే చోటు స్థిరంగా ఉంటే నీడా స్థిరంగానే ఉంటుంది. స్తంభాల నీడలు ఒకదాని మీద ఒకటి పడ్డ చోట ముదురుగా కనిపిస్తుంది.

హాస్టల్లో బూట్ల డబ్బా ఒకటి తీసుకుని కిటికీలు కోసి, లోపల పెన్సిళ్ళు నిలబెట్టి, బయట ఫోన్ టార్చ్ తిప్పి చూసినం. కిటికీ ఖాళీగా వదిలితే టార్చ్‌తో పాటు నీడ పరుగెత్తింది. కిటికీకి పల్చటి తెల్లకాగితం అంటిస్తే టార్చ్ ఎటు తిప్పినా నీడ ఉన్నచోటే ఉండి, కాస్త ముదరడం, పలచబడటం మాత్రమే చేసింది. డబ్బా గుడి కాదు, నిజమే. గుళ్ళో ఒక్కో ద్వారానికి దుప్పటి అడ్డం పట్టి ఎప్పుడు నీడ పోతుందో చూస్తే తేలిపోతుంది. పూజారి గారు ఒప్పుకుంటే. ఇంత తేలికైన పరీక్ష ఉన్నది కదా, జిల్లాలో ఇన్ని బడులున్నయి, ఏటా పిక్నిక్‌కు పానగల్లు పోతారు. పిల్లలను వరసగా నిలబెట్టి నీడ చూపిస్తారు, ఫొటో దిగుతారు, "వివర్తనం" అని చెప్పి పులిహోర పెడతారు.

ఒక కాలమ్

నా గదిలో ఉండేవాడు బీఎడ్ చేద్దామనుకుంటున్నడు. వాడికి నేను ఒక సలహా చెప్పిన. రికార్డులో పట్టిక చివర ఒక కాలమ్ పెట్టాలి, "రావాల్సినదానికీ వచ్చినదానికీ తేడా, నా అనుమానం" అని. మార్కులు విలువకు తగ్గించి దీనికి పెంచాలి.

"ఏడాది తిరగకుండ గైడుల వస్తది," అన్నడు వాడు. "'లోలకం ప్రయోగంలో తేడాలకు నాలుగు కారణాలు వ్రాయుము.' గాలి నిరోధం, దారం సాగుట, స్టాప్ వాచీ లోపం, గుండు వ్యాసార్ధం కలపకపోవుట. అందరూ అవే నాలుగు రాస్తరు."

రాయనీ అన్న. గుండు వ్యాసార్ధం అని బట్టీ కొట్టినోడు స్కేలు పెట్టేటప్పుడు కొక్కెం దగ్గర ఒక్కసారన్నా ఆగుతడు. బట్టీకి నేనేమీ శత్రువును కాదని ముందే చెప్పిన కదా. అయినా గైడుకు దొరకని దారి ఒకటుంది: వైవా, అంటే నోటితో అడిగే పరీక్ష. ఇప్పుడు వైవాలో లోలకం నిర్వచనం అడుగుతున్నరు. దాని బదులు, "నీ పట్టికలో నీకే నమ్మకం లేని రీడింగ్ ఏది, ఎందుకు?" అని అడగాలి. ఒక్కొక్కరి పట్టిక ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి దానికి గైడులో జవాబుండదు.

"ఒక్కొక్కరి పట్టిక ఒక్కో తీరుగ ఉంటదని నీకెవరు చెప్పిన్రు?" అన్నడు వాడు.